ఉప్పు చూడని వంట

వసుమతి గారి వంట తిని "బావుంది" అంటే చాలదు. "ఉప్పు?" అని అడిగేవారు, కళ్ళజోడు పైనుంచి చూస్తూ. "సరిగ్గా సరిపోయిందండీ" అనాలి. అప్పటికి గానీ ఆవిడ ముఖం విప్పారేది కాదు. "నేను వండేటప్పుడు ఉప్పు చూడను. మా అమ్మా చూసేది కాదు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు" అని గిన్నె మీద మూత పెట్టేవారు. అమెరికాలో ఈ మోరిస్‌విల్‌కి వచ్చిన కొత్తలో ఈ మాట విని, పెద్దవాళ్ళ గొప్పలు మామూలే కదా అని నవ్వుకున్నాను. ఆ గొప్పే ఒక మనిషి పొయ్యి ఆరిపోకుండా కాపాడుతుందని అప్పుడు ఎవరనుకున్నారు?

ఆవిడది గుడివాడ. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, డెబ్భైల మొదట్లో భర్త పద్మనాభం గారితో అమెరికా వచ్చి, రిటైరయ్యేదాకా ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేశారు. అక్కడ మిల్లీగ్రాము తేడా వచ్చినా జూనియర్ల ప్రాణం తీసేవారట. ఇంట్లో మాత్రం ఒక కొలత చెంచా కూడా ఉండేది కాదు. పద్మనాభం గారు రోడ్ల డిపార్ట్‌మెంట్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మాట తక్కువ మనిషి. ఆయనకున్న వ్యసనమల్లా ఆవకాయ. హోమియో మందు సీసా అంత చిన్న సీసాలో నింపుకుని, ఎక్కడికెళ్ళినా కోటు జేబులో పెట్టుకెళ్ళేవారు. పప్పులోకీ, కూరలోకీ, చివరికి ఉప్మాలోకీ అదే. "నా ఆవకాయంటే ఈయనకి ప్రాణం" అని వసుమతి గారు మురిసిపోయేవారు. నా పేరు బిందుమాధవి. వాళ్ళకి రెండిళ్ళ అవతల ఉంటాను. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇంకొకరి పనిలో తప్పులు పట్టినందుకు నాకు జీతమిస్తారు. ఈ కథలో ఆ ఉద్యోగం ఎవరికీ పనికిరాలేదని ముందే చెబుతున్నాను.

రిటైరైన మర్నాడే వసుమతి గారు ఒక ప్రకటన చేశారు. ఇక మీదట గురువారం నాడు మా ఇంట్లో పొయ్యి వెలగదు అని. ఎందుకు గురువారమే అంటే, నా ఇష్టం అన్నారు. పద్మనాభం గారు కారు తాళాలు తీశారు. అలా ఇద్దరూ గురువారం గురువారం ఊళ్ళోని హోటళ్ళన్నీ గాలించడం మొదలుపెట్టారు. ఇద్దరూ శుద్ధ శాకాహారులు. ఒకచోట పులుసులో చేపల నీళ్ళు, ఇంకోచోట చిక్కుళ్ళలో పంది కొవ్వు. "నో మీట్" అంటే చికెన్ ఉన్న సలాడ్ తెచ్చి పెట్టినవాళ్ళూ ఉన్నారు. వారాలు తిరిగాక, చాపెల్ హిల్ రోడ్ మీద బట్టలుతికే షాపుకీ గోళ్ళ షాపుకీ మధ్య ఇరుక్కున్న ఒక చిన్న కొలంబియన్ హోటల్లో తేలారు. దాన్ని నడిపే మార్లేని పేరే దానికీ పేరు.

మార్లేని పొట్టిగా, బలమైన చేతులతో, గొంతెత్తి మాట్లాడే మనిషి. ఆమెది కొలంబియాలో బొగోటా దగ్గర ఏదో కొండ ఊరు. ఇంగ్లీషు కొంచెమే వచ్చు, కానీ ఆ కొంచెంతోనే దెబ్బలాడగలదు. వీళ్ళు "మేం మాంసం తినం" అనగానే, "ఒంట్లో బాలేదా?" అని జాలిగా అడిగిందట. బావుందని చెప్పాక లోపలికెళ్ళి, అరటికాయ ముక్కల్ని వేయించి, అదిమి, మళ్ళీ వేయించిన పతకోనెస్ అనేవి తెచ్చి పెట్టింది. పక్కన టమాటా, ఉల్లిపాయ మగ్గించిన పచ్చడి. జున్నులాంటిది పెట్టి కాల్చిన మొక్కజొన్న రొట్టె. కర్రపెండలం వేపుడు. ఎర్ర చిక్కుళ్ళు మాత్రం దూరంగా చూపించి, "ఇందులో పంది ఉంది, మీరు తినకండి" అని తనే చెప్పింది. ఆ ఒక్క మాటకి వసుమతి గారు ఆమెకి దాసోహమన్నారు.

"అడక్కుండా నిజం చెప్పిన మొదటి హోటల్ బిందూ ఇది" అని నాకు ఆ రాత్రే ఫోన్ చేశారు. "ఇంకో సంగతి. చివర్లో ఏదో వేడివేడిగా గ్లాసులో తెచ్చిచ్చింది. తాగి చూస్తే ఏంటనుకున్నావ్? పానకం! మిరియాలు లేవంతే."

అది అగ్వాపనేలా. బెల్లం నీళ్ళు. వాళ్ళ దేశంలో బెల్లం అచ్చుల్ని పనేలా అంటారు. మరుసటి గురువారం వసుమతి గారు పర్సులో మిరియాల పొడీ, ఏలకుల పొడీ పొట్లాలు కట్టుకెళ్ళారు. మార్లేని గుక్క వేసి, దగ్గి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఇంకో గ్లాసు కలిపించుకుంది. అదే రోజు వంటింట్లోంచి ఒక చిన్న గిన్నె కూడా బయటికొచ్చింది. ఎర్ర చిక్కుళ్ళు, పంది లేకుండా, వీళ్ళిద్దరి కోసం విడిగా వండినవి. ఎవరూ అడగలేదు. అప్పట్నుంచి ప్రతి గురువారం ఆ చిన్న గిన్నె పొయ్యెక్కేది. ఒక వారం చిక్కుళ్ళు, ఒక వారం అహియాకో అనే బంగాళదుంపల చారు. అసలు అహియాకో కోడిమాంసంతో చేస్తారు. రకరకాల దుంపలు వేసి, కొన్ని కరిగి చిక్కబడేదాకా మరిగించి, వాళ్ళ ఊరి ఎండుటాకు నలిపి వేస్తారు. ఆ హోటలుకి పేరు తెచ్చింది ఆ చారే. శనివారం మధ్యాహ్నం దానికోసం రాలీ నుంచి కూడా కొలంబియా వాళ్ళు కార్లేసుకుని వచ్చేవారు.

వసుమతి గారు నన్నూ, మా ఆఫీసు తెలుగువాళ్ళనీ లాక్కెళ్ళారు. వెళ్ళినవాళ్ళం వదల్లేదు. దానికి కారణం తిండి ఒక్కటే కాదు. అమెరికన్ హోటల్లో "ఇంకొంచెం వెయ్యమంటారా?" అంటే మనం మొహమాటానికి "వద్దండీ" అంటాం, వాళ్ళు నిజంగానే వెళ్ళిపోతారు. మార్లేని దగ్గర ఆ బెడద లేదు. వద్దన్నకొద్దీ వేస్తుంది. పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెడితే, చెయ్యి పక్కకి నెట్టి వేస్తుంది. మా అమ్మమ్మ తర్వాత నాకు అలా వడ్డించిన మనిషి ఆమే. పుట్టినరోజులు, హెచ్-వన్ బి అప్రూవల్ పార్టీలు, అన్నీ అక్కడే చేసుకునేవాళ్ళం. పద్మనాభం గారు అక్కడ కూడా జేబులోంచి సీసా తీసి, చిక్కుళ్ళలో ఆవకాయ కలుపుకునేవారు. మార్లేనికి అది చూస్తే ఒళ్ళు మండేది. "సెన్యోర్, నా వంటలో ఏం తక్కువ?" అని అడిగేది. ఆయన చిన్నగా నవ్వి, "అలవాటు" అనేవారు.

రెండువేల తొమ్మిదిలో మార్లేనికి గొంతులో గడ్డ తేలింది. రేడియేషన్ ఇచ్చారు. నెలల తరబడి ఆమె కూతురు పావొలా హోటల్ని సగం మెనూతో నెట్టుకొచ్చింది. వసుమతి గారు గురువారాలు రివర్స్ చేశారు. ఆ రోజు తన ఇంట్లో పొయ్యి వెలిగించి, పల్చటి పెసరకట్టూ మెత్తటి అన్నమూ చేసి మార్లేని ఇంటికి పట్టుకెళ్ళేవారు. ఆమె రెండు చెంచాలు మింగితే ఆ రోజు పండగే. గడ్డ పోయిందని డాక్టర్లు చెప్పిన వారానికి, కోడలి పురుడు కోసం వసుమతి గారూ పద్మనాభం గారూ రెడ్‌మండ్‌లో ఉన్న కొడుకు ప్రణవ్ దగ్గరికి వెళ్ళారు.

వాళ్ళు అక్కడుండగానే మార్లేని చిక్కిపోయిన మెడకి స్కార్ఫ్ చుట్టుకుని వంటింట్లోకి తిరిగొచ్చింది. మేమంతా పూలగుత్తులు పట్టుకుని వెళ్ళాం. చప్పట్లు కొట్టాం. తిన్నాం. ఉప్పు! మామూలు ఉప్పు కాదు. చిక్కుళ్ళు నోట్లో పెట్టుకోలేకపోయాం. అన్నమూ అంతే.

ఏం చేస్తాం? చావు తప్పించుకుని వచ్చిన మనిషి ఎదురుగా నిలబడి "ఎలా ఉంది?" అని అడుగుతోంది. "సూపర్" అన్నాను నేను. "ఆసమ్" అన్నాడు భాస్కర్, మా టీం లీడ్. మన ఇళ్ళల్లో వండిన మనిషి ముఖాన ఉప్పెక్కువైందని చెప్పే ఆచారం ఉందా? మజ్జిగ పోసుకుని గుటకాయస్వాహా చేసి, చెయ్యి కడుక్కుని, వంట అమృతం అనేసి రావడమే మనకి తెలిసిన మర్యాద. ఒకరు చెబుతారని ఇంకొకరు, ఈసారి బావుంటుందని అందరూ. నీళ్ళు తాగి తాగి, మిగిలింది నాప్‌కిన్ కింద దాచి, పొగుడుతూ బయటికి నడిచేవాళ్ళం. తర్వాత వెళ్ళడం తగ్గించాం. శనివారం కార్లు కూడా పలచబడ్డాయి. మా మర్యాదతో ఆ హోటల్ని నిలువునా ముంచుతున్నామని ఒక్కరికీ తట్టలేదు.

వసుమతి గారు రెడ్‌మండ్ నుంచి తిరిగొచ్చిన గురువారం నేనూ వాళ్ళతో వెళ్ళాను. హోటల్ దాదాపు ఖాళీ. మార్లేని పరిగెత్తుకొచ్చి ఆవిణ్ణి కౌగిలించుకుంది. చిన్న గిన్నె బయటికొచ్చింది. పద్మనాభం గారు ఒక ముద్ద తిని, ఇంకో ముద్ద తిని, "వెరీ గుడ్, వెరీ గుడ్" అన్నారు. ఆయన జేబులో సీసా జేబులోనే ఉండిపోవడం నేను గమనించాను గానీ దానికి అర్థం వెతకలేదు.

వసుమతి గారు ఒక్క ముద్ద తిని చెంచా కింద పెట్టారు.

"మార్లేనీ, ఉప్పు చాలా ఎక్కువైంది."

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. మార్లేని నవ్వు అలాగే ముఖం మీద ఉండిపోయింది. మా పళ్ళేలు తీసుకుని లోపలికెళ్ళింది. పావొలా కౌంటర్ దగ్గర్నుంచి మా వైపు చురచురా చూసింది.

"ఏంటి ఆంటీ, పాపం ఇప్పుడే కదా లేచి తిరుగుతోంది" అన్నాను.

"అందుకే చెప్పాను. చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? నువ్వు ఇన్నాళ్ళూ తిన్నావు కదా, నీకు తెలీలేదా?" అని నన్ను ఒక చూపు చూసి, లేచి తిన్నగా వంటింట్లోకి వెళ్ళిపోయారు. వడ్డించే కిటికీలోంచి నాకు ఇద్దరూ కనబడుతూనే ఉన్నారు.

మార్లేని పొయ్యికి వీపు ఆనించి, ఏప్రన్‌తో ముఖం కప్పుకుని ఏడుస్తోంది. ఆ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది, రేడియేషన్ తర్వాత నాలుకకి ఏ రుచీ తెలియడం లేదని. ఉప్పు లేదు, తీపి లేదు. వాసన ఒక్కటే మిగిలింది. రుచి మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు అన్నారట డాక్టర్లు. ఎవరికీ చెప్పలేదు. వెయ్యలేదేమోనన్న భయంతో మళ్ళీ వేస్తోంది, మళ్ళీ వేస్తోంది. పావొలాకి తెలిసి రెండు వారాలు పక్కన నిలబడి రుచి చూసిందట. తల్లీకూతుళ్ళకి రోజూ యుద్ధమే, చివరికి కూతుర్ని కౌంటర్ దగ్గరికి పంపేసింది.

"ప్రతి గిన్నె దగ్గరా 'సరిపోయిందా?' అని ఇంకొకర్ని అడగాలంటే అది నా వంటిల్లు కాదు. ఈ నెలాఖరుకి మూసేస్తున్నాను" అంది.

వసుమతి గారు ఆమెని ఓదార్చలేదు. ఆవిడకి ఓదార్చడం రాదు. కాసేపు చూసి, "ఇంతేనా?" అన్నారు. "మా అమ్మ జన్మలో ఉప్పు చూసి ఎరగదు. నేనూ చూడను. రేపు పొద్దున్న హోటల్ తెరవకముందు వస్తాను."

మార్లేని నమ్మలేదు. నిజానికి నేనూ నమ్మలేదు. దారిలో కార్‌లో ఆవిడ నాకు చెప్పుకొచ్చారు. చిన్నప్పుడు శ్రీరామనవమికి వాళ్ళింట్లో వీధి వీధంతటికీ వంట. దేవుడికి పెట్టకముందు ఎవరూ రుచి చూడకూడదు. చూస్తే ఎంగిలి. ఆ మాటకొస్తే వాసన కూడా చూడకూడదు. "కానీ ఆవిరి తనంతట తాను వచ్చి ముక్కుకి తగిలితే మనం ఏం చేస్తాం, అనేది మా అమ్మ" అని నవ్వారు. కళ్ళతో, చేత్తో, ఆ ఆవిరితో వండడమే వాళ్ళకి తెలిసిన వంట.

మర్నాటి నుంచి వసుమతి గారు తలకి వల టోపీ పెట్టుకుని మార్లేని వంటింట్లో స్టూలేసుకుని కూర్చున్నారు. ఇంకొకరైతే చిక్కుళ్ళు నేర్పి ఊరుకునేవారు. ఈవిడ మొదటి రోజే, "ముందు ఆ కోడి చారు పట్టు. నీ హోటల్ నిలబడాలంటే అదే నిలబడాలి" అన్నారు. పుట్టి బుద్ధెరిగి గుడ్డు ముట్టని మనిషి. పక్కింట్లో చికెన్ వండుతుంటే కిటికీ మూసుకునే మనిషి. ఆ మరిగే కుండ పక్కన, చున్నీ కూడా ముక్కుకి అడ్డం పెట్టుకోకుండా కూర్చున్నారు. పెట్టుకుంటే వాసన తెలియదు కదా. ఇంటికొచ్చి తలస్నానం చేస్తే గానీ మంచినీళ్ళు ముట్టేవారు కాదని పద్మనాభం గారు చెప్పారు. ఆ సంగతి మార్లేనికి ఎప్పుడూ తెలియనివ్వలేదు. ఆవిడ మీద నాకున్న గౌరవంలో సగం అక్కడే పుట్టింది.

ఆవిడ నేర్పిన పద్ధతి పైకి చాలా మామూలుగా ఉండేది. కుండ మార్చకూడదు. పొయ్యి ముట్టించకముందే, దుంపల్ని చూసి, ఆ కుండకి ఎంత ఉప్పు కావాలో అరచేతి గుంటలోకి తీసుకుని ఒక చిన్న గిన్నెలో వేసి పక్కన పెట్టాలి. ఉప్పు డబ్బా మూతపెట్టి అటక మీదికి ఎక్కించేయాలి. సమయం వచ్చినప్పుడు ఆ గిన్నెలోది వేసేయాలి. గిన్నె ఖాళీ అయిందా, వేసినట్టే. ఇక అనుమానం లేదు, రెండోసారి లేదు. ఎంత తీసుకోవాలో తేలనప్పుడు తక్కువే తీసుకోవాలి. ఉప్పు వేశాక ఆవిరి ఎలా మారుతుందో ముక్కుతో పట్టుకోవాలి. ఆ సమయంలో మాట్లాడకూడదు. ఈ ఆఖరి నియమం మార్లేనికి అన్నిటికన్నా కష్టమైంది.

మొదటి రోజుల్లో రెండోసారి ఉప్పు పడ్డ కుండలు ఎన్నో పారబోశారు. మార్లేని చెయ్యి ఊరికే అటక వైపు పోయేది. వసుమతి గారు ఆ చెయ్యి మీద ఒకటి వేసేవారు. ఒకరోజు మార్లేనికి కోపం వచ్చి గరిటె విసిరేసింది.

"నీకేం తెలుసు? నువ్వు ఈ చారు తినవు. నేను తిన్నా నాకు తెలియదు. ఈ వంటింట్లో దీని రుచి తెలిసినవాళ్ళు ఎవరు?"

వసుమతి గారు తాపీగా, "ఎవరూ లేరు. మా అమ్మకీ ఎవరూ లేరు. ముందు దేవుడు తింటాడు, తర్వాత ఊరు తింటుంది. నువ్వు నీ చెయ్యిని నమ్ము" అన్నారు.

మార్లేని కిందపడ్డ గరిటె తీసి కడిగింది. తర్వాత ఆ కుండలోంచి ఒక చిన్న గిన్నెడు చారు తీసి, గోడకున్న అరలో మేరీమాత బొమ్మ ముందు పెట్టింది. కోడి చారు నైవేద్యం పెట్టడం చూసి వసుమతి గారికి గుండె ఝల్లుమందట. "ఆవిడ దేవత, ఆవిడిష్టం అనుకున్నానే" అని నాతో అన్నారు. ఆ రోజు నుంచి ఆ హోటల్లో మొదటి గిన్నె మేరీమాతకి వెళ్ళాకే మనుషులకి వచ్చేది.

మూసేస్తానన్న నెలాఖరు శనివారం వచ్చింది. మార్లేని తలుపులకి తాళం వెయ్యలేదు. ఆ మధ్యాహ్నం అహియాకో ఉందని పావొలా అందరికీ ఫోన్లు చేసింది. మొహమాటానికి కొందరు, చివరిసారి కదా అని కొందరు వచ్చారు. వసుమతి గారు వంటింటి గుమ్మంలో నిలబడి, తిరిగొచ్చే గిన్నెల వైపే చూస్తున్నారు. జనం ఏమన్నారన్నది ఆవిడ పట్టించుకోలేదు. జనం మాట మీద ఆవిడకి అప్పటికే నమ్మకం పోయింది. కొన్ని బల్లల మీద ఉప్పు డబ్బా చేతులు మారింది. అమెరికాలో అది అలవాటే కదా, ఎవరం ఏమీ అనుకోలేదు. గిన్నెలు తిరిగొచ్చాయి. అడుగున మొక్కజొన్న కంకి ముక్క తప్ప ఏమీ లేదు. ఒక ముసలి కొలంబియన్ ఆయన రెండో గిన్నె అడిగాడు. మార్లేని కిటికీలోంచి అది చూసి, గరిటె చేతిలో ఉండగానే వచ్చి వసుమతి గారి భుజం మీద తల ఆనించింది. "సరే సరే, మాడిపోతుంది చూడు" అని కసిరారు ఈవిడ. కళ్ళు మాత్రం తుడుచుకున్నారు.

హోటల్ మూతపడలేదు. వారాలు గడిచి మార్లేని చెయ్యి కుదురుకుంది. వసుమతి గారు రోజూ వెళ్ళడం మానేసి మళ్ళీ గురువారాలకి దిగారు. పద్మనాభం గారి సీసా కూడా మళ్ళీ బల్ల మీదికి వచ్చింది. జనం మళ్ళీ వచ్చారు. మార్లేనికి రుచి మాత్రం రాలేదు. తను వండింది తను గడ్డిలా నమిలి మింగి, మాకు కొసరి కొసరి వడ్డించేది. అడిగితే, "మీ ముఖాలు చూస్తే తెలుస్తుంది" అనేది. పచ్చి అబద్ధం. మా ముఖాలు ఎంత అబద్ధమాడతాయో ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తిండి పెట్టడమే బతుకుగా ఉన్న మనిషికి తిండి తెలియకుండా పోవడం ఎంత కష్టమో తలచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు.

రెండువేల పదకొండు శరదృతువులో మార్లేని పుట్టినరోజు గురువారం నాడు పడింది. "ఇవాళ నువ్వు వండొద్దు, కూర్చో" అని వసుమతి గారు హుకుం జారీ చేశారు. చిన్న గిన్నెలో కోడి లేని అహియాకో తనే స్వయంగా వండారు, మార్లేనికి నేర్పిన పద్ధతిలోనే. మేరీమాతకి మొదటి గిన్నె పెట్టారు. ఈసారి నైవేద్యం శాకాహారమని ఆవిడకి మహా తృప్తి. తర్వాత మార్లేనిని మా బల్ల దగ్గర కుర్చీలో కూలేశారు. అన్నేళ్ళలో ఆమె మా బల్ల దగ్గర కూర్చోవడం అదే మొదలు. పావొలా, నేను, పద్మనాభం గారు, వసుమతి గారు. అందరికీ గిన్నెలు వచ్చాయి. పద్మనాభం గారు అలవాటుగా జేబులో చెయ్యి పెట్టారు.

మార్లేని ఒక చెంచా తాగింది. ఆగింది. ఇంకో చెంచా నోట్లో పెట్టుకుని, మింగకుండా, కళ్ళు మూసుకుంది. గొంతులో ఏమైనా అడ్డం పడిందేమోనని పావొలా సగం లేచింది.

"దోన్యా వాసు" అంది మార్లేని మెల్లగా. దోన్యా అంటే వాళ్ళ భాషలో మన 'గారు' లాంటిది. వంటింట్లో వినీ వినీ నేర్చుకున్న తెలుగు మాట ఒకటి ఆమె దగ్గరుంది. "ఉప్పు... ఉప్పు తక్కువ."

వసుమతి గారి కనుబొమలు పైకి లేచాయి. "తక్కువా? నా చేతిలోనా? ఏం మాట్లాడుతున్నావ్, నేను ఏనాడూ..." అంటూ ఆగిపోయారు. ఏం విన్నారో అప్పుడు గానీ ఆవిడకి అర్థం కాలేదు.

"మళ్ళీ చెప్పు."

"ఉప్పు తక్కువ" అంది మార్లేని, ఈసారి ఏడుస్తూ, నవ్వుతూ. "చాలా తక్కువ, దోన్యా వాసు! ఎప్పుడూ ఇంతేనా? నా హోటల్లో ఇన్నాళ్ళూ అందరికీ ఇలాగే పెట్టానా?"

పావొలా నా వైపు చూసింది, నేను ఉప్పు డబ్బా వైపు చూశాను. పద్మనాభం గారు మాత్రం జేబులోంచి ఆవకాయ సీసా తీసి, మూత తిప్పి, మార్లేని ముందుకు జరిపారు.

వసుమతి గారు ఆ సీసాని చూశారు. భర్తని చూశారు. మళ్ళీ సీసాని చూశారు.

"ఏమండీ? పెళ్ళైనప్పట్నుంచీనా?"

"ఆవకాయ బావుంటుంది కదా వసూ" అన్నారాయన, నేల చూపులు చూస్తూ.

ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. గుడివాడ నుంచి ఇక్కడిదాకా ఆవిడ చేతి వంట తిన్న ఏ ఒక్కరూ అనని మాట, నాలుక చచ్చిపోయిందనుకున్న మనిషి అన్నది. వసుమతి గారు పగలబడి నవ్వారు. నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అంత సంతోషంగా ఆవిణ్ణి నేను ముందెప్పుడూ చూడలేదు, మనవడు పుట్టినప్పుడు కూడా.

తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, బల్ల మీది ఉప్పు డబ్బా అందుకుని, మార్లేని గిన్నె మీద వంచి పట్టుకున్నారు.

"ఎంతో నువ్వే చెప్పు" అన్నారు.

మార్లేని చెంచాతో కలిపి రుచి చూసింది. "ఇంకొంచెం" అంది. వసుమతి గారు వేశారు. మళ్ళీ చూసింది. "ఇంకొంచెం." మళ్ళీ వేశారు.

"చాలు" అంది మార్లేని.